సాలెల వీధిలో దొరకని నిప్పు

మా మల్లభూపతి మహారాజుకు ఒకనాడు శాసనం చెక్కించాలని సరదా పుట్టింది. సభామండపం ముందు నిలువెత్తు రాయి మీద, 'ఈ రాజ్యంలో ఆకలి ఎరిగిన ఇల్లు లేదు' అని.

దానికి ఆధారం సమకూర్చిపెట్టిన ఘనుణ్ణి నేనే. పేరు గురవప్ప, కొలువు ఆకలి లెక్క. ఏటా వానాకాలంలో ఇల్లిల్లూ తిరిగి, తిండికి కటకటలాడే ఇళ్ళను తాటాకుల మీద రాసుకురావడం నా పని. నా రాతలో ఏ వీధి ఉంటే ఆ వీధికి రాజుగారి జొన్నగాదె తెరుస్తారు. ఆకలి లెక్క రాసే ఈ మహానుభావుడి బొజ్జ మాత్రం అతనికంటే ముందే వీధి మలుపు తిరుగుతుంది.

ఆ ఏడు మరీ తెలివిగా పని కానిచ్చాను. గడపలు ఎక్కి దిగే శ్రమ ఎందుకని వీధి మధ్యలో నిలబడి, "భోజనాలయ్యాయా?" అని కేకేశాను. సాలెల వీధిలో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ "అయ్యాయి" అన్నారు. ఊరంతా ఒక్క పూటలో పూర్తి! తాటాకుల కట్ట బంటు చేత మంత్రి ఏకామ్రయ్యగారికి పంపేసి, చుట్ట ముట్టించుకుందామని ఓ ఇంట్లో నిప్పు అడిగాను.

లేదన్నారు. పక్కింట్లోనూ లేదు. చుట్ట కోసం పద్దెనిమిది గడపలూ ఎక్కాను. లెక్క కోసం ఒక్కటీ ఎక్కలేదు.

చివరింటి వీరనాగమ్మ తల దించుకుంది.

"మగ్గం గుంటల్లోకి వాన నీళ్ళొచ్చి నెలయింది సామీ. నేత లేదు. పొయ్యి రాజేసి మూడు దినాలాయె."

"మరి భోజనాలయ్యాయన్నావే తల్లీ!"

"వీధిలో నిలబడి అందరి ముందర అడిగితిరి. కాలేదని ఎట్ల చెప్పేది సామీ? మాకు మానం లేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. చుట్ట అక్కడే పారేసి కోటకు పరుగెత్తాను. పరుగంటే, దారిలో నాలుగుసార్లు కూర్చున్నాను లెండి.

అప్పటికే ఏకామ్రయ్య నా రాతలు రాజుకు చూపించేశాడు.

"ఇక లెక్కా అక్కర్లేదు, గాదెలు తెరవడమూ అక్కర్లేదు ప్రభూ. ఆ జొన్నలు మన గుర్రాలకు పనికొస్తాయి," అంటున్నాడు.

"ప్రభూ, నా లెక్క తప్పు," అన్నాను రొప్పుతూ.

"నీ చేతిరాతే కదయ్యా గురవప్పా!" అన్నాడు రాజు. "సరే, రేపటి సభలో నీ రాత తప్పని నువ్వే రుజువు చెయ్యి. చేస్తే బహుమతి. లేకపోతే కొలువు విడిచి వెళ్ళు. జొన్నలు గుర్రాలకు పోతాయి."

మర్నాడు సభ కిక్కిరిసింది. రాత్రికి రాత్రే చెక్కించిన శాసనం రాయి మండపం ముందు నిలబెట్టేశారు. పండితులు శాసనాన్ని పొగుడుతూనే ఉన్నారు, పొద్దు నడినెత్తి దాటిపోయింది. సభ ముగియగానే కోటలో విందు. దానికోసం అందరూ పొద్దున్నుంచి కడుపులు మాడ్చుకుని వచ్చారు.

నేను మెల్లగా రాజు చెవిలో చెప్పాను: "నిన్న ఊళ్ళో అడిగినట్టే ఇక్కడా అడుగుతాను. భోజనం అయిందన్నవాళ్ళ విందు వాటా నా ఇష్టం వచ్చిన చోటికి పంపించనివ్వండి."

"తిన్నవాడికి మళ్ళీ వడ్డన ఎందుకు? కానియ్యి."

సభ మధ్యకు వచ్చి గొంతెత్తాను. "మంత్రిగారూ, తమ భోజనం అయిందా?"

ఆకలి లేదని చెక్కిన రాయి ఎదురుగా నిలబెట్టుకుని కాలేదని ఏ పెద్దమనిషి అంటాడు? ఏకామ్రయ్య మీసం దువ్వుతూ, "ఆఁ, అయింది, అయింది," అన్నాడు. సేనాపతికీ అయింది. పండితులకూ అయింది. మొత్తం నలభైమందికీ అయింది. రాసుకుని, గుమ్మం దగ్గరున్న వంటవాడికి సైగ చేశాను.

సభ ముగియగానే అందరూ తోసుకుంటూ భోజనశాలలోకి పరుగెత్తారు. విస్తళ్ళు వేసి ఉన్నాయి. గుండిగలు మాత్రం లేవు.

"పులిహోర ఏదిరా?" అని మంత్రి వంటవాడి మీద పడ్డాడు.

"సాలెల వీధికి పోయింది దొరా."

"అయ్యో! పొద్దున్నుంచి నేను మెతుకు ముట్టలేదే!"

వెనకే వచ్చిన రాజు నిర్ఘాంతపోయాడు. "ఇందాక అయిందన్నారే?"

"నిండు సభలో అడిగితే ఏమనను ప్రభూ? పరువు..." అంటూ ఏకామ్రయ్య నాలుక్కరుచుకున్నాడు.

నేను తాటాకు పైకెత్తాను.

"కాసేపట్లో విందు ఉందని తెలిసిన మంత్రిగారే కాలేదని చెప్పలేకపోయారు. మూడు రోజులుగా పొయ్యి రాజేయని ఇల్లాలు నాకెలా చెబుతుంది ప్రభూ?"

రాజు ఆ తాటాకు అందుకుని చదివాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"ఆ రాయి పీకించండి! గురవప్పా, ఈసారి గడప లోపలికి వెళ్ళు. పొయ్యి చూడు, గింజల కుండ చూడు, అప్పుడు లెక్క రాయి," అంటూ చేతి కడియం తీసి నాకు తొడిగాడు. "ఇంతకీ నీ వాటా దాచుకున్నావా?"

"ఆ తొందరలో అదీ గుండిగతో పాటే పోయింది ప్రభూ," అన్నాను బొజ్జ నిమురుకుంటూ.

నలభై ఖాళీ కడుపులూ ఘొల్లున నవ్వాయి. ఆ పూటే సాలెల వీధికి జొన్నగాదె తెరిచారు.