వెనక సీటు మీది మచ్చ

జిలానీకి ఉన్న దిగులల్లా ఒక మచ్చ గురించే.

బేతంచెర్ల నాపరాళ్ల గనుల దగ్గర నూరుద్దీన్ షా అనే సూఫీ గురువు ఉండేవాడు. రాళ్ల వ్యాపారి ఒకాయన ఎప్పుడో ఇచ్చిన పాత కారు ఆయనకు ఉండేది. గనుల్లో ఎవరికి దెబ్బ తగిలినా ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయేవారు. నడిపేది శిష్యుడు జిలానీ. తోలు సీట్లున్న కారు ఆ చుట్టుపక్కల అదొక్కటే. సీటు మీద ఈగ వాలినా అతనికి ప్రాణం పోయినంత పనయ్యేది.

వెనక సీటులో, ఎడమ తలుపు పక్కన, అరచేయంత నల్లటి మచ్చ. ఎంత తుడిచినా పోదు. ఇంకో మచ్చ పడకూడదని జిలానీ, దెబ్బలు తగిలినవాళ్లను ఎక్కించే ముందు సీటు మీద యూరియా సంచి పరిచేవాడు.

ఒకరోజు గనిలో పుల్లన్న అనే కూలీ కాలివేళ్ల మీద బండ పడింది.

"కదలొద్దన్నా, సీటుకు రక్తం తగులుతాది" అన్నాడు జిలానీ.

పుల్లన్న కర్నూలు ఆసుపత్రి దాకా వెనక్కి ఆనుకోకుండా, పళ్లు బిగబట్టి సంచి అంచున కూర్చున్నాడు. ముందు కూర్చున్న గురువు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

తెల్లారి జిలానీ నిమ్మచెక్కా, ఉప్పూ పట్టుకొని కారు దగ్గరికి వచ్చాడు.

"అవి పారెయ్యి బేటా. తోలు పగులుతుంది" అన్నాడు గురువు.

"బజార్లో ఏదో మందు ఉందంట హజ్రత్. ఖరీదు ఎక్కువే."

"గోరువెచ్చటి నీళ్లు తే. ఒక షాంపూ పొట్లం తే. నా పాత లుంగీ చించు."

గురువే పని మొదలుపెట్టాడు. పాత పళ్లబ్రష్షుతో కుట్ల సందుల్లోని దుమ్ము దులిపాడు. నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, మెల్లగా తుడిచాడు. వెంటనే పొడి గుడ్డతో అద్దాడు. కారు నీడలోనే ఉంచి తలుపులన్నీ తెరిచాడు.

"కొబ్బరినూనె పూస్తే మెరుస్తుంది కదా హజ్రత్?"

"మెరుస్తుంది. నాలుగు రోజులకు ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుంటుంది."

ఆరాక, చిన్న డబ్బాలోంచి తోలుకు రాసే క్రీము వేలికొసతో తీసి పలచగా రాశాడు. సీటు మెత్తబడింది. మచ్చ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"ఇది ఏం రాస్తే పోతుంది హజ్రత్?"

గురువు క్రీము డబ్బాకు మూత పెట్టాడు.

"పడుకో."

"ఎక్కడ?"

"సీటు మీదే. తల ఇటు పెట్టి, ఎడమవైపుకు తిరుగు."

జిలానీ అర్థంకాకపోయినా పడుకున్నాడు. కాళ్లు అవతలి తలుపు దాటి బయట వేలాడాయి. అతని ఎడమ కనుబొమ మీది పాత కుట్ల గుర్తు సరిగ్గా ఆ మచ్చ మీదికి వచ్చింది.

చిన్నప్పుడు గనిలో రాయి ఎగిరి అతనికి అక్కడే తగిలింది. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి, పక్కన ఈ గురువు. మధ్యలో ఏమైందో జిలానీ ఎన్నడూ అడగలేదు.

"అప్పుడు కాళ్లు చాపుకున్నా ఈ సీటు సరిపోయింది నీకు" అని, గురువు బకెట్టు తీసుకొని లోపలికి వెళ్లిపోయాడు.

జిలానీ చాలాసేపు లేవలేదు. ఈ మనిషి ఆరోజు తన కింద ఏ సంచీ పరచలేదు. ఇన్నేళ్లూ ఆ మాట నోటితో అనలేదు. కన్నీళ్లు తోలు మీద పడుతున్నా తుడవాలని అతనికి తోచలేదు.

మధ్యాహ్నం పుల్లన్నను ఇంటికి తెచ్చేందుకు ఆసుపత్రికి వెళ్లాడు. కాలికట్టు ఇంకా రక్తంతో తడిగానే ఉంది. పుల్లన్న కారు తలుపు పట్టుకొని ఒంటికాలి మీద నిలబడి, సీటు కింద పడి ఉన్న సంచిని తానే అందుకొని సీటు మీద పరవబోయాడు.

జిలానీ దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు.

"రక్తం అవుతాది అబ్బీ" అన్నాడు పుల్లన్న భయంగా.

"కానీలే అన్నా. కాళ్లు చాపుకో."