అయ్యగారు అతికిన పోగు

ప్రమాదీచ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పంచమి, బుధవారం, పొద్దున ఎనిమిదిన్నర గంటలకు మా అత్త చౌడమ్మ అయ్యగారిని ఆ ప్రశ్న అడిగింది. వేళ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, రేవులో ఎనిమిదిన్నర లాంచీ అప్పుడే కూత వేసింది. అత్త ఆ కూత పూర్తిగా ఆగేదాకా ఆగి, చేతిలో పోగు వదలకుండా, తల తిప్పకుండా అడిగింది. ఎన్నాళ్ళనుంచో లోపల పెట్టుకున్న మాటని నాకు అప్పుడే అర్థమైంది.

అయ్యగారంటే నాగలింగయ్యగారు, మా నేతపేటకు గురువు. ఏటా కార్తీకంలో ఏరు దాటి వచ్చి, ఒక్కో ఏడు ఒక్కో ఇంట్లో వారం రోజులు ఉండేవారు. ఆ ఏడు మా ఇంటి వంతు. ఎవరు ఏం అడిగినా, "ఇప్పుడు ఏం పని మీద ఉన్నావు?" అని ఎదురు అడగడం ఆయన అలవాటు. కొత్తవాళ్ళకి అది తప్పించుకోవడంలా తోచేది. మా ఆయన లింగమూర్తి అయితే, "అయ్యగారిని మోక్షం సంగతి అడిగితే గేదెకి కుడితి పెట్టావా అంటారు" అని వెనక నవ్వేవాడు. ఆ మాట ఆయన చెవిన పడింది కూడా. పడితే, "పెట్టావా మరి?" అన్నారట.

అత్త చేసే పని పడుగు అతకడం. అది తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల బారు, నేత అయిపోయాక, చివర కాస్త దారం నేయకుండా మిగులుతుంది. ఆ పోగులు అచ్చులోంచి, అంటే దువ్వెన పళ్ళలాంటి సన్నని సందుల్లోంచి, వెనక్కి వేలాడుతూ ఉంటాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు కలపాలి. ముడి వేయకూడదు, ముడి అచ్చులో దూరదు. వేళ్ళకి బూడిద అద్దుకుని, రెండు కొసల్నీ చేర్చి పురి తిప్పాలి. చీర పన్నాకి మూడువేల పైచిలుకు పోగులు. అత్త పొద్దున్నే కూర్చుంటే దీపాలవేళకి లేచేది. మర్నాడు పడుగుని మెల్లిగా ముందుకు లాగితే అతుకులన్నీ అచ్చులోంచి ఇవతలికి వచ్చేస్తాయి, ఆ తరవాతనుంచి నేత మొదలవుతుంది. చీర దిగాక అతుకులున్న ఆ జానెడూ కత్తిరించేస్తారు. అందుచేత మా పేటలో నేసిన ఏ చీర మడత విప్పి చూసినా, అత్త చేసిన పని మాత్రం అందులో కనబడదు.

నలభై ఏళ్ళు ఆవిడకి అది బాధ అనిపించలేదు. ఆ ఏడు దసరాకి అనిపించింది. దుర్గాష్టమినాడు చౌడేశ్వరి అమ్మవారికి మా మగ్గాల మీది చీర కట్టడం పేట ఆచారం. కట్టేముందు ఆ చీరలో ఎవరెవరి చెయ్యి ఉందో పూజారి అమ్మవారికి పేరుపేరునా చదివి వినిపిస్తాడు. ఆ సంవత్సరం చీర మాది. పూజారి అడిగితే మా ఆయన వరసగా చెప్పాడు. రంగు వేసినవాళ్ళ పేరు, పడుగు పోసినవాళ్ళ పేరు, కండెలు చుట్టినందుకు నా పేరు, నేసినందుకు తన పేరు. అంతటితో ఆపేశాడు. పక్కనే అత్త కొబ్బరికాయ పట్టుకుని నిలబడే ఉంది.

ఇంటికొచ్చి అన్నాలు తింటున్నప్పుడు అడిగింది. "నా పేరు మరిచిపోయావేరా?"

"మరిచిపోలేదమ్మా. చీరలో చెయ్యి ఉన్నవాళ్ళవి అడిగాడు ఆయన. నీ అతుకు చీరలో ఉండదు కదా," అన్నాడు మా ఆయన, పప్పు కలుపుకుంటూ.

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే అంతగా తగిలింది. అత్త చారు వడ్డించింది. కాపరానికి వచ్చిన నాలుగేళ్ళుగా నాకు అతకడం నేర్పమని అడుగుతూ ఉండేదాన్ని, ఆవిడ రేపు మాపు అంటూ ఉండేది. ఆ తరవాత అడిగితే మాత్రం స్పష్టంగా చెప్పేసింది. "ఈ కార్తీకం పడుగే ఆఖరు భ్రమరా. నీకు నేర్పను. కత్తిరించి పారేసే పని, నాతోనే పోనీ." పేటలో అతకడం వచ్చిన చెయ్యి అప్పటికి ఆవిడదొక్కటే. ఆవిడ మానేస్తే మా మగ్గం సంగతే కాదు, పేట మగ్గాల సంగతీ ఏమవుతుందోనని నాకు బెంగ. నాకు ఇంకో బెంగ కూడా ఉండేది, అది పైకి చెప్పుకోలేదు. ఆవిడ వేళ్ళు తిరుగుతుంటే చూడడం నాకు ఇష్టం. ఆ తిరగడం ఆవిడతో ఆగిపోతుందంటే ఓర్చుకోలేకపోయేదాన్ని.

ఆ బుధవారం అత్త అడిగినది ఇది. "అయ్యగారూ, బుట్ట అల్లినవాడికి బుట్ట ఉంటుంది, కుండ చేసినవాడికి కుండ ఉంటుంది. చూసుకుని మురుస్తారు. నలభై ఏళ్ళు చేశాను, ఇది నాది అనడానికి గుడ్డలో వేలెడు మేర లేదు. నేను ఏం చూసుకుని సంతోషపడాలి? దేనికని ఆ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి?"

అయ్యగారు అరుగు మీదనుంచి లేచి లోపలికి వచ్చారు. "ఇప్పుడు ఏం పని మీద ఉన్నావు?"

"చూస్తూనే ఉన్నారుగా," అంది అత్త. గొంతులో కాస్త విసుగు ఉంది.

"చూస్తే తెలియడం లేదమ్మా. నాకు నేర్పు."

అంటూనే పంచె ఎగదోపుకుని మగ్గం వెనక ఆవిడ పక్కన చతికిలబడ్డారు. డెబ్భై ఏళ్ళ మనిషి. అత్త కంగారుపడి, "మీకెందుకండీ ఈ బూడిద పని," అంది. "నువ్వు ఆఖరు అన్నావట. పేటలో ఇంకొకడైనా ఉండాలిగా," అన్నారాయన. మా ఆయన వాకిట్లోంచి కేకేశాడు. "జపమాల తిప్పినట్టు కాదండోయ్, అయ్యగారూ!"

"అదీ సరిగ్గా రాలేదు నాయనా. ఇదన్నా వస్తుందేమో చూద్దాం."

అత్తకి ఇక తప్పలేదు. కుడివైపు అంచున ఆయనకి కొంచెం చోటిచ్చి, తాను ఎడమ అంచునుంచి కలుపుకుంటూ వచ్చింది. ఒక కన్ను మాత్రం ఆయన మీదే.

"బూడిద అంత వద్దండీ. ఉప్పు వేలికి అంటినంత చాలు. పాత కొసా కొత్త కొసా పక్కపక్కన పెట్టుకోండి. ఇప్పుడు మీ వేపుకి తిప్పండి. ఊపిరి బిగబట్టకండి, పోగు వణుకుతుంది."

"ఎంతసేపు తిప్పాలి?"

"అంటుకునేదాకా."

"అంటుకున్నట్టు ఎలా తెలుస్తుంది?"

"వేలికి తెలుస్తుంది."

"నా వేలికి ఏమీ తెలియడం లేదే."

"అయితే అంటుకోలేదు."

ఇలా సాగింది. ఆయన ఒక పోగు కలిపేలోగా అత్త పాతిక దాటిపోయేది. మధ్యమధ్య ఆయన తలెత్తి ఆ చివరిదాకా చూసి నిట్టూరిస్తే, "వరస వంక చూడకండి, భయమేస్తుంది. చేతిలో ఉన్నదే చూడండి," అనేది. ఒకసారి ఆయన పొరపాటున పక్క పోగు పట్టుకున్నారు. "అయ్యో, అయ్యగారూ! పక్కదాని మొగుణ్ణి దీనికి కడుతున్నారు!" అంది అత్త, అని నోరు మూసుకుంది. గురువుగారితో అనదగ్గ మాటేనా అది? ఆయన ఒళ్ళు ఊగేటట్టు నవ్వారు. అప్పుడు ఆవిడా నవ్వింది. దసరా తరవాత అత్త నవ్వడం అదే మొదలు.

కాసేపయ్యాక ఆయన మామూలుగా అడిగారు. "తిప్పేటప్పుడు మనసులో ఏమనుకుంటావు చౌడమ్మా?"

"మొదట్లో శివనామం అనుకునేదాన్నండీ. తరవాత మానేశాను."

"ఏం?"

అత్త కొంచెం సిగ్గుపడింది. "పోగు అంటుకునేటప్పుడు వేలి కింద సన్నగా ఏదో తెలుస్తుంది. దాని మీద ధ్యాస పెడితే నామం మరిచిపోయేదాన్ని. తప్పేనేమో."

ఆయన కళ్ళు చికిలించి మళ్ళీ తన పోగు పట్టుకున్నారు.

భోజనాలకి లేచేసరికి అయ్యగారివి ముప్ఫైరెండు పోగులు అయ్యాయి. అత్తవి వెయ్యి దాటాయి. ఆయన కలిపినవి ఒక్కొక్కటి జొన్నగింజంత లావున ఉబ్బి ఉన్నాయి. అత్త చూసి, "ఇవి విప్పి మళ్ళీ నేను కలుపుతానండీ. రేపు లాగితే తెగి అచ్చులో ఇరుక్కుంటాయి, నాకే రెండింతల పని," అంది.

"ముట్టుకోకు. ఉండనీ. తెగేవి తెగుతాయి."

ఆవిడకి నచ్చలేదు. కానీ గురువు మాట. దీపాలవేళకి మిగిలినవన్నీ తాను పూర్తి చేసి, ఆ ముప్ఫైరెండింటినీ అలాగే వదిలేసింది. "నా ప్రశ్నకి మాత్రం జవాబు లేదు" అని గొణుక్కుంటూ బూడిద పళ్ళెం కడిగి బోర్లించింది. ఇక ఆ పళ్ళెం మళ్ళీ తియ్యదేమోనని నాకు భయమేసింది.

మర్నాడు స్నానాలయ్యాక మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి పడుగు లాగడం మొదలుపెట్టాం. మా ఆయన ముందువైపునుంచి మెల్లిగా చుడుతున్నాడు. అత్తా నేనూ వెనక చెరో పక్కా ఉండి పోగులు చిక్కుపడకుండా అరచేత్తో సవరిస్తున్నాం. బూడిదరంగు చుక్కలు వరసగా అచ్చు దగ్గరికి వచ్చాయి. అత్తవి నీళ్ళలా దూరిపోయాయి. కుడి అంచున మాత్రం టుక్కు, టుక్కుమని ఒక్కొక్కటే తెగడం మొదలైంది.

"అయ్యగారూ, మీ శిష్యులు పారిపోతున్నారు," అన్నాడు మా ఆయన.

"పోనీ నాయనా, పోనీ. ఎవడైనా ఉంటాడేమో చూడు," అంటూ ఆయన మోకాళ్ళ మీద వంగి అచ్చుకి ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చారు. ముప్ఫైఒకటి తెగాయి. ముప్ఫైరెండోది అచ్చు సందు దగ్గర ఆగింది, వంగింది. మా ఆయన చెయ్యి ఆపాడు. మళ్ళీ వెంట్రుకవాసి లాగాడు. అది అటూ ఇటూ మెసలి, ఇవతలికి వచ్చేసింది.

"ఇది ఎవరిది?" అన్నారు అయ్యగారు.

"మీదేనండీ," అంది అత్త.

"సరిగ్గా చూడు. నీది కాదు కదా?"

"నాది ఇంత లావుంటుందా అండీ?"

ఆయన మొహం చూడాలి. నాలుగు కార్తీకాలు ఆయన్ని చూశాను, ఎంత పెద్ద పూజలోనూ ఆ మొహం అలా వెలగలేదు. వేలు దగ్గరగా పెట్టి, తాకకుండా చూపించారు. గోడ అవతలి పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగి చూసుకున్నారు.

అత్త ఉండబట్టలేక అంది. "అయ్యగారూ, నిన్న అడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు."

"ఉండు చౌడమ్మా. నాది ఒక్క పోగు నిలిచింది. ముందు ఈ సంతోషం కాస్త సర్దుకోనీ."

అత్త అచ్చు ఇవతల, ఈ అంచునుంచి ఆ అంచుదాకా బారులు తీరిన తన అతుకుల వంక చూసింది. ఏదన్నా తప్పిందేమోనని రోజూ చూసే చూపు కాదు అది. చాలాసేపు అలాగే చూసి, లేచి వెళ్ళి బోర్లించిన పళ్ళెం తీసింది. పిడకల బూడిద జల్లించి అందులో పోసింది.

"భ్రమరా, చేతులు కడుక్కుని రా. ముప్ఫైఒకటి ఉన్నాయి, కలపాలి."

నేను కూర్చున్నాను. నా మొదటి పోగు జారిపోయింది. రెండోది తెగింది. మూడోదాన్ని తిప్పుతుంటే వేలి కింద, ఎలా చెప్పను, గాలికి ఆకు కదిలినంత సన్నగా తెలిసింది. తలెత్తాను. అత్త పోగు వంక చూడడం లేదు, నా మొహం వంక చూస్తోంది.

"తెలిసిందా?"

"తెలిసింది అత్తా."

"అయితే పాయసం వండండి," అన్నారు అయ్యగారు వెనకనుంచి. "నాదొకటి నిలిచింది, ఈ పిల్లదొకటి."

ఆ పొద్దున మా ఇంట్లో పెసరపప్పు పాయసం వండాం. అందరం మగ్గం పక్కనే కూర్చుని తిన్నాం. మా ఆయన గిన్నె ఖాళీ చేస్తూ నవ్వుతూ మొదలుపెట్టాడు. "రెండు పోగులకే పాయసం వండితే, అయ్యగారూ, మా అమ్మవి ఒక్కో పడుక్కి మూడువేలు. నలభై ఏళ్ళవి. వాటికేం..." అంటూ వాళ్ళమ్మ వేళ్ళ వంక చూశాడు. నవ్వు అక్కడే ఆగింది. గిన్నె కింద పెట్టి, ఈసారి మెల్లిగా అడిగాడు. "వాటికేం వండాలండీ?"

"ఇన్నాళ్ళకి అడిగావు," అన్నారు అయ్యగారు. "ముందు మీ అమ్మకి ఇంకో గరిటె వెయ్యి."