కొండవతలి గొయ్యి మీద తీర్మానం

కొండకి ఇవతలి అడవిలో అన్ని జంతువులూ కూర్చుని మాట్లాడుకునే సభ ఉంది. అవతలి అడవిలో దుమ్ములగొండి రాజ్యం, ఓ లోతైన గొయ్యి ఉన్నాయి. అక్కడ నోరెత్తిన ప్రతి ప్రాణినీ ఆ గొయ్యిలోకి తోసేవాళ్ళు. "మా కూనలు ఏమైపోతున్నాయి దొరా?" అని అడిగిన పాపానికి మల్లి అనే దుప్పి తమ్ముణ్ణీ తోశారు. మల్లి ప్రాణాలు అరచేత పెట్టుకుని కనుమ దాటొచ్చి సభ కాళ్ళ మీద పడింది.

అది నడివేసవి. కొండవతల చుక్క నీరు లేదు. దుమ్ములగొండి గుంపు దప్పిక తీరాలంటే ఇవతలి మడుగే దిక్కు.

"నీళ్ళు ఆపేద్దాం! గొంతెండితే వాడే దారికొస్తాడు," అంది అడవిదున్న.

"బాగుంది. మరి షరతేమని పెడదాం?" అంది సభకు పెద్దైన ఏనుగు.

"మా తమ్ముడు బతికి నా దగ్గరికి రావాలని పెట్టండి తాతా!"

"అది సరేగానీ తల్లీ, అక్కడికెళ్ళి చూసేదెవరు? పోగలిగేది గద్ద ఒక్కటే, అదీ పైపైన. కాబట్టి పైనుంచి కనపడేదే పెడదాం. గొయ్యి ఖాళీ అయిన రోజు మడుగు తెరుస్తాం."

"ఆహా, ముక్కుసూటి మాట!" అంది సభ.

మల్లి ఓ అడుగు ముందుకేసింది. "తాతా, ఖాళీ అంటే..."

"పెద్దలు ఆలోచించే పెట్టార్లే, ఊరుకో," అని కసిరింది కొండముచ్చు. పెద్దలట, ఆలోచనట! మల్లి నోరు మూసుకుంది.

అవతలి నక్క ఒకటి ఆ కబురు మోసుకెళ్ళింది. దుమ్ములగొండి చిందులు తొక్కుతుందనుకుంటే, పళ్ళికిలించింది.

"ఇంతేనా? ఇంకేం అడగలేదూ?"

"ఇంతే ప్రభూ."

"పాపం, ఎంత మంచోళ్ళురా!"

మూడోనాడు గద్ద వచ్చి వాలింది. "గొయ్యి ఖాళీ! నా కళ్ళతో చూశాను, ఒక్క ప్రాణీ లేదు."

సభ ఎగిరి గంతేసింది. ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. మడుగు తెరిచారు. మల్లి మాత్రం తమ్ముడికి ఎదురెళ్ళాలని కనుమ దగ్గరికి పరుగెత్తింది.

దుమ్ములగొండి గుంపు దిగొచ్చింది. పొట్టలు నేలకి రాసుకుంటుంటే ఆయాసపడుతూ నడుస్తున్నాయి. వాటి వెనక ఎవరూ రాలేదు. మల్లి చూసింది, చూసింది, గుంపుకి అడ్డంగా వెళ్ళింది.

"మా తమ్ముడేడీ?"

"గొయ్యి ఖాళీ చెయ్యమన్నారు, చేశాం," అంటూ దుమ్ములగొండి మూతి నాక్కుంది. "కావాలంటే మీ గద్దనే అడుగు."

"తాతా! ఏమిటిది, మాట్లాడవేం?" అని మల్లి మడుగు గట్టునున్న ఏనుగు దగ్గరికి పరుగెత్తి భోరుమంది.

ఏనుగు పక్కకి తప్పుకుని గుంపుకి దారిచ్చింది. తీర్మానం తనదే, సాక్ష్యమూ తనవాళ్ళదే. గుంపు తీరిగ్గా మడుగులోకి దిగి కడుపారా నీళ్ళు తాగింది.

బాధపడ్డవాళ్ళ నోరు నొక్కి పెట్టిన షరతు, బాధపెట్టినవాడికే అచ్చొస్తుంది.