పెసరగింజకు గుండ్రటి తలుపు

ఒకప్పుడు పెసరగింజలన్నీ నిండుగా ఉండేవి. నా తలకాయలాగా పైకి నున్నగా, లోపల డొల్లగా ఉండే గింజ వెతికినా దొరికేది కాదు.

ఆ రోజుల్లో పెసర పురుగు చేనంతా ఇష్టారాజ్యంగా తిరిగేది. ఆకు, పువ్వు, కాయ, ఏది ఎదురైతే అది కరకర నమిలేది. దాక్కోవడం దానికి తెలియదు. కనిపించిన చోటల్లా రైతులు వేలితో నలిపేసేవాళ్లు.

అలాంటి పురుగు ఒకటి, నిండు చూలాలు, కాయల్లో పడి సాయవ్వ ఇంటికి వచ్చేసింది.

సాయవ్వ ఒంటరి ముసలమ్మ. ఉన్నది చిన్న ముక్క చేను. కాయలు కొట్టి, గింజలు చెరిగి, వానలు పడ్డాక చల్లుకోవడానికి ఒక కుండెడు విత్తనం పక్కన పెట్టుకుంది. అది పోయిందా, ఆ ఏడు చేను బీడే, పొయ్యి కూడా చల్లనే.

చేటలో పాకుతున్న పురుగు ఆమె కంట పడింది. బొటనవేలు ఎత్తింది.

"అమ్మా, ఆగు. కడుపుతో ఉన్నాను," అంది పురుగు.

వేలు గాలిలోనే నిలిచిపోయింది. కడుపుతో ఉన్న ఆడది గడప తొక్కితే ఒడి నింపకుండా పంపడం ఆ ఊళ్లో లేదు. కాళ్లు ఆరైనా చూలాలు చూలాలే కదా అనుకుంది సాయవ్వ. పైగా ఆమెకు బిడ్డలు లేరు. అమ్మా అని పిలిపించుకోవడం అదే మొదలు.

ఏం కావాలో అడగమంది. పిల్లకో గింజ చాలంది పురుగు.

సాయవ్వ మెత్తనిదే గాని వెర్రిది కాదు. తల్లి నోరు కట్టుకోవాలంది. పిల్లలు లోపల కాస్త గీక్కోవచ్చు గాని, తొక్క తినకూడదంది. పురుగు తన కడుపు మీద కాలు వేసి ఒట్టు పెట్టింది. సాయవ్వ మురిసిపోయి, గింజలతో పాటు దాన్నీ కుండలో పోసి, మూత చుట్టూ పేడ మెత్తి అటక మీద పెట్టింది.

పిల్లలెందరని మాత్రం అడగలేదు. చూలాలిని అలా అడిగితే దిష్టి తగులుతుందని ఆమె భయం.

తొలకరి పడింది. సాయవ్వ మూత ఊడదీసింది. బరువుగా ఉండాల్సిన కుండ పొట్టు పోసినట్టు తేలిపోతోంది. గింజ గింజకూ ఒక గుండ్రటి కన్నం. కన్నం కన్నంలోంచీ ఒక బుల్లి మొహం అమ్మమ్మను చూసినట్టు చూస్తోంది.

"ఇదేనా బిడ్డా నీ ఒట్టు?" అంది సాయవ్వ.

తిండి లేక చిక్కి సగమైన తల్లి పురుగు పైకి పాకింది. "పిల్లకో గింజే అమ్మా. నేను మెతుకు ముట్టలేదు. తొక్కనూ ఎవరూ తినలేదు, తలుపులా కోసి అవతల పడేశారు. నా పిల్లలకు పిల్లలు పుడితే నేనేం చేసేది?"

సాయవ్వ ఏడుస్తూ కుండ బోర్లించింది. అడుగు నుంచి గుప్పెడు మంచి గింజలు రాలాయి. వేళ్లకు జిడ్డు తగిలింది. అది ఒకప్పుడు ఆముదం పోసిన కుండ. అడుగున మిగిలిన జిడ్డు పట్టిన గింజలకు పురుగు పెట్టిన గుడ్డు అతుక్కోలేదు.

ఆ గుప్పెడే చల్లింది. చేనులో ఒక మూల మాత్రం పచ్చబడింది. అర్ధాకలితో ఏడాది గడిచింది.

కొత్త గింజలు ఇంటికి రాగానే తల్లి పురుగు మళ్లీ తయారు, మళ్లీ చూలాలు. సాయవ్వ మర్యాదగా రమ్మంది, కూర్చోమంది. తర్వాత అరచేతుల్లో ఆముదం పోసుకుని విత్తనాలకు పట్టించడం మొదలుపెట్టింది. ఇదెక్కడి అన్యాయమని పురుగు లబోదిబోమంది.

"గింజ ఇస్తానన్నాను, ఇస్తున్నా. నూనె రాయనని ఎప్పుడన్నాను బిడ్డా?"

అప్పటినుంచే పెసర పురుగు పెద్దయ్యాక మన గింజ కొరకదు, తల్లి ఒట్టు అలా నడుస్తోంది. గింజ మీద తెల్ల చుక్కలా గుడ్డు అతికించి పోతుంది. పిల్ల లోపలే తిని, గుండ్రటి తలుపు కోసుకుని బయటికి వస్తుంది. ఆముదం రాసిన గింజ ఎదురైతే మాత్రం, కాలు జారి, నడుము పట్టుకుని, పక్కింటి కుండ ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతుంది.