పత్తిపువ్వు మొహం ఎందుకు ఎర్రబడింది?

ఒకప్పుడు పత్తిచేలో పువ్వులన్నీ ఒకే రంగులో ఉండేవి. ఈ పొద్దున విచ్చిన పువ్వు లేతపసుపు, నిన్న విచ్చి వడిలిపోతున్న పువ్వూ అదే లేతపసుపు. ఎందులో తేనె ఉందో, ఎందులో లేదో చూస్తే తెలిసేది కాదు. వెళ్ళి అడగాల్సిందే. ఆ రోజుల్లో పువ్వులకి నోరుండేది లెండి, అడిగితే జవాబు చెప్పేవి.

ఆ జవాబుతోనే వచ్చింది తంటా అంతా!

పత్తిపువ్వులు మహా మర్యాదస్తులు. తేనె ఉంటే "ఉందమ్మా, రా" అనేవి. అయిపోతే మాత్రం చచ్చినా "లేదు" అనేవి కావు. ఆ మాట నోట వస్తే ఇంటికి మంచిది కాదని వాటి నమ్మకం. అందుకని "నిండుకుందమ్మా" అనేవి. డబ్బాలో బియ్యం అయిపోతే మీ అమ్మమ్మ ఏమంటుంది? నిండుకున్నాయనే కదూ! అదే పద్ధతి. చేలో పుట్టి పెరిగిన చీమలకీ సీతాకోకచిలుకలకీ ఈ సంగతి తెలుసు. ఆ మాట వినగానే పక్కకి తప్పుకునేవి.

ఆ ఏడు కొండమీద అడవి ఎండిపోయింది. ఒక తేనెటీగల గుంపు బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ చేను దగ్గరికి వచ్చి, గట్టుమీద తుమ్మచెట్టుకి పట్టు పెట్టుకుంది. ఆ గుంపులో జుంటమ్మ అని ఒక తేనెటీగ ఉండేది. ఒట్టి మొండిఘటం. పట్టిన పని అయ్యేదాకా కూర్చోదు, ఎవర్నీ కూర్చోనివ్వదు. దాని వెనకాలే ఎప్పుడూ చెల్లెలు బుజ్జీగ.

పట్టులో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ముసురు పట్టిందంటే రోజుల తరబడి రెక్క విప్పడానికి ఉండదు. ఈలోగా తేనె చేరకపోతే పిల్లలు దక్కవు.

"పద చెల్లీ!" అని జుంటమ్మ చేలోకి దిగి, ఎదురైన పువ్వుని అడిగింది. "అత్తా, తేనె ఉందా?"

"నిండుకుందమ్మా!"

"నిండుగా ఉందటే, రా రా!" అంటూ జుంటమ్మ గబుక్కున లోపలికి దూరింది. చుక్క లేదు. సరే, ఎవరో ఇప్పుడే తాగిపోయి ఉంటారులే అనుకుని పక్క పువ్వుని అడిగింది. అదీ నిండుకుందనే చెప్పింది. దూరి చూస్తే అదీ ఖాళీ. ఆ వరసంతా అదే జవాబు, అదే ఖాళీ. ఎగిరి, వాలి, దూరి, బయటికొచ్చి, మళ్ళీ ఎగిరి... పాపం చిన్నది బుజ్జీగ, రెక్కలు పడిపోయి ఒక ఆకుమీద వెల్లకిలా పడింది.

"అక్కా, ఇంక నావల్ల కాదే" అంది నీరసంగా.

జుంటమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ ఆకు పైకొమ్మ మీద, ఆఖరుగా జవాబు చెప్పిన నిన్నటి పువ్వు పేరు పత్తెమ్మ. నేరుగా వెళ్ళి దాని రేకు అంచున కూర్చుంది.

"నిండుకుందన్నావు కదత్తా?"

"అవునమ్మా, నిండుకుంది."

"మరి లోపల చుక్కయినా లేదే!"

"అదేగా తల్లీ నేను చెప్పింది!"

పక్క కొమ్మ మీద చీమ కిసుక్కున నవ్వి, ఆ మాటకి అర్థం ఏమిటో విడమరిచి చెప్పింది.

"ఓసి మీ మర్యాద మండా!" అంది జుంటమ్మ. "లేకపోతే లేదని చెప్పి ఏడవచ్చుగా! నోరు అరిగిపోతుందా?"

"అమ్మమ్మ! ఎంతమాట! మా ఇంటావంటా ఎరగని మాట" అని పత్తెమ్మ రేకులతో చెంపలు వేసుకుంది.

మబ్బు ఉరిమింది. "వానొస్తోంది, వచ్చెయ్యవే!" అని పట్టు దగ్గరి నుంచి కేకలు. జుంటమ్మ కదల్లేదు. "జవాబు సరిగ్గా చెప్పేదాకా నేను రాను. ఉట్టి చేతులతో పిల్లల మొహం చూడలేను" అంది.

తర్వాత పత్తెమ్మ వైపు తిరిగింది. "నోటితో అనలేకపోతే అనకు. మొహంతో చెప్పు. పైన ఎగురుతూనే నాకు తెలిసిపోవాలి, వాలి మోసపోకూడదు."

పాపం పత్తెమ్మ మెడ వంచి చూసింది. గాలి వీచేసరికి చేను చేనంతా మెడ వంచింది. రేకులు ముడిచి చూసింది. ఇంకా విచ్చని మొగ్గలా ఉందే తప్ప ఇంకేం తెలియలేదు. "ఇంక నాకు చేతకాదమ్మా" అంటూ తల దించుకునేసరికి, కింద ఆకుమీద బుజ్జీగ కనబడింది.

"అయ్యో, ఆ పిల్లకేమైందే?"

"ఏమవుతుంది? మీ అందరి మాటా నమ్మింది."

తన మర్యాద ఒక పసిప్రాణం మీదికి తెచ్చిందని తెలిసి పత్తెమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. రేకు కొసల్లో మొదలైన ఎరుపు మొహమంతా పాకింది.

"అదీ!" అని ఎగిరి గంతేసింది జుంటమ్మ. "అదే అత్తా నాకు కావలసింది! ఉంచు, అలాగే ఉంచు!"

"సిగ్గుతో కందిన మొహం వేసుకుని నలుగురిలో నిలబడమంటావా?"

"నిలబడాలి. లేకపోతే మా పిల్లలు చచ్చిపోతాయి."

పత్తెమ్మ మరోసారి బుజ్జీగని చూసింది. మెల్లగా తలెత్తింది. "ఏమర్రా నిన్నటి పువ్వుల్లారా!" అని చేను దద్దరిల్లేలా కేకేసింది. "తేనె లేనివాళ్ళంతా మొహం దాచుకోకండి. ఎర్రబడి తలెత్తండి!"

మొదటిసారి దాని నోట "లేని" అనే మాట వచ్చింది. ఏ ఇల్లూ కూలలేదు.

ఒక్కొక్క పువ్వే ఎర్రబడింది. జుంటమ్మ పైకెగిరి చూస్తే చేనంతా అద్దంలా తేటపడింది. ఎరుపు దగ్గర పనిలేదు, పసుపు దగ్గర తేనె ఉంది. "పసుపు మీద వాలండర్రా!" అని గుంపుని పిలిచింది. ఒక్క రెక్కపాటు కూడా వృథా పోలేదు. మొదటి చుక్క బుజ్జీగ నోట్లో పోసింది. అది కళ్ళు తెరిచి, "ఇంకొంచెం" అంది. చినుకులు మొదలయ్యేసరికి పట్టులో ప్రతి పిల్ల కడుపూ నిండింది.

అప్పటినుంచే పత్తిపువ్వు విచ్చిన పొద్దున లేతపసుపుగా ఉండి, పొద్దువాలేసరికి గులాబీరంగు తిరిగి, మర్నాటికి ఎర్రబడిపోతుంది. చూసినవాళ్ళు వాడిపోయిందనుకుంటారు. తేనెటీగ మాత్రం అలా అనుకోదు. ఎర్రపువ్వు ముందు ఒక్క క్షణం ఆగి, "తెలిసింది అత్తా" అన్నట్టు రెక్కలాడించి, పసుపుపువ్వు వైపు వెళ్ళిపోతుంది.