ముప్పై ఎనిమిది రూపాయల చీటీ

పందెం కట్టిన మర్నాడు పొద్దున్న వినీల్ సింధూర కళ్ళల్లోకి చూడలేకపోయాడు.

ఇద్దరూ విశాఖపట్నంలో అప్పలస్వామి మాస్టారి దగ్గర టేబుల్ టెన్నిస్ నేర్చుకున్నవాళ్ళే. ఆమె దేశం తరఫున ఆడుతుంది. అతను రోజూ ఆమెకి ఎదురుగా నిలబడి ప్రాక్టీస్ ఇస్తాడు. ఇప్పుడు ముగ్గురూ సముద్రాలు దాటి, మంచు కురిసే ఒక ఊరికి వచ్చారు. అక్కడ పగలు కూడా తెల్లవారుజాములాగే ఉంది. నిద్ర ఎక్కడ ఆగిందో, మెలకువ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

మధ్యాహ్నం మూడింటికి సింధూర సెమీఫైనల్.

వినీల్ ఫోన్‌లో ఒక బజారుంది. అందులో ఇంకా జరగనివాటిని అమ్ముతారు. సింధూర గెలుస్తుందన్న చీటీ అరవై రెండు రూపాయలు. ఓడిపోతుందన్న చీటీ ముప్పై ఎనిమిది. ఏది నిజమైతే ఆ చీటీకి వంద ఇస్తారు. వినీల్ ఓటమి చీటీలు రెండు వేలు కొన్నాడు. సొంతంగా అకాడమీ పెట్టాలని, బంతులు విసిరే మిషన్ కోసం దాచుకున్న డెబ్బై ఆరు వేలూ అందులో పోశాడు. సాయంత్రానికి అవి రెండు లక్షలు కావాలి.

మాస్టారు గదిలో మంచం మీద కూర్చుని నారింజ తొక్క తీస్తున్నారు.

"మాస్టారూ, ఒక సందేహం. ఎవరికీ తెలియని సంగతి నాకొక్కడికే తెలిస్తే, దాంతో నాలుగు రూపాయలు సంపాదించుకోవడం తప్పా?"

"ఏం తెలిసిందేటి నీకు?"

వినీల్ తన నోటుపుస్తకం తెచ్చాడు. ఎనిమిది నెలల ప్రాక్టీస్ అందులో ఉంది, బంతి బంతికీ ఒక గీత. పదకొండుకి ముగిసే గేమ్‌లో స్కోరు ఎనిమిది దాకా వచ్చాక, కుడి మోచేతి మీదకి వచ్చిన బంతుల్లో సింధూర పదికి ఏడు పోగొట్టుకుంటోంది. బ్యాట్ ఇటు తిప్పాలో అటు తిప్పాలో తేలక తడబడుతోంది.

"ఇది అందరికీ తెలిస్తే బజారులో ఓటమి చీటీ ముప్పై ఎనిమిది ఉండదు మాస్టారూ. అరవై ఉంటుంది!" అన్నాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

మాస్టారు పేజీలు తిప్పారు. "దస్తూరి బాగుంది. పిల్లకి చూపించావా?"

"ఇంకా లేదు. ముందు లెక్క పక్కా కావాలని..."

"పక్కా అయ్యి ఎన్నాళ్ళైంది?"

"మూడు నెలలు."

మాస్టారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. రెండు నారింజ తొనలు అతని చేతిలో పెట్టారు.

ఆట జరిగేటప్పుడు బల్లకి కాస్త దూరంలో కోచ్ కుర్చీ ఒకటి ఉంటుంది. అందులో ఎవరు కూర్చుంటారో ముందే కాగితం మీద రాసివ్వాలి. మాస్టారు జేబులోంచి ఆ కాగితం తీశారు. తన పేరు కొట్టేసి, వినీల్ పేరు రాశారు.

"నేనా? వద్దు మాస్టారూ." అన్నాడు వినీల్. "నేను పందెం కట్టాను. ఆమె ఓడిపోతుందని."

"అందుకేరా. ఇవాళ నీకంటే కళ్ళు పెట్టుకుని ఆట చూసేవాడు ఎవడున్నాడు?"

హాలు గుమ్మం దగ్గర నిర్వాహకులు అతని ఫోన్ తీసేసుకున్నారు. చీటీలు అమ్ముకునే దారి లేదు. వినీల్ కుర్చీలో కూర్చున్నాడు.

లోపల వెలుతురు ఎంత సమంగా పరుచుకుందంటే, మనుషులకి నీడలే లేవు. నీలం బల్లలు నీళ్ళ మీద తేలుతున్నట్టున్నాయి. నాలుగు బల్లల మీద బంతుల చప్పుడు రేకుల కప్పు మీద చినుకుల్లా వినిపిస్తోంది. ఆ చినుకుల్లో సింధూర ఒక గేమ్ గెలిచింది, ఒకటి ఓడింది, మళ్ళీ గెలిచింది, మళ్ళీ ఓడింది. ప్రతి గేమ్ తర్వాతా అతని దగ్గరికి వచ్చింది. ప్రతిసారీ అతను, "బాగుంది. నీళ్ళు తాగు. ధైర్యంగా ఆడు" అన్నాడు.

నాలుగో గేమ్ చివర్లో అవతలి అమ్మాయికి మోచేయి దొరికింది. అతని పుస్తకంలో గీసినట్టే మూడు పాయింట్లు వరసగా పోయాయి.

ఐదో గేమ్ ఆఖరిది. ఎనిమిది–ఎనిమిది. సింధూర చేతులతో సైగ చేసి టైమ్‌ అవుట్ అడిగింది. ఒక్క నిమిషం.

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "అన్నా, చేతిలో బ్యాట్ ఉన్నట్టే లేదు. ఏటవుతుంది నాకు?"

ధైర్యంగా ఆడు అంటే చాలు. అది అబద్ధం కాదు. రేపు ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు. పది సెకన్లు గడిచాయి. పదిహేను. ఇరవై. లెక్కపెట్టడం ఆపుదామన్నా ఆగడం లేదు.

"చెప్పన్నా. అలా చూస్తావేటి?"

ఆమె చెంప మీంచి చెమట చుక్క ఒకటి జారి, గడ్డం దగ్గర ఆగింది.

"నీ మోచేతి మీదకి వేస్తోంది" అన్నాడు వినీల్. "అక్కడ నువ్వు తడబడతావు. ఆమె చెయ్యి కదలగానే ఎడమ పక్కకి ఒక్క అడుగు వేసెయ్. బంతి నీ ఫోర్‌హ్యాండ్‌కి వస్తుంది. మోచేతికి కాదు."

సింధూర తుడుచుకోవడం ఆపింది. "నీకు ఇప్పుడు తెలిసిందా?"

"కాదు."

"ఎప్పుడు?"

"మూడు నెలలైంది."

 అంపైర్ "టైమ్" అన్నాడు. సింధూర తువ్వాలు అతని ఒళ్ళోకి విసిరేసి వెళ్ళిపోయింది.

అవతలి అమ్మాయి బంతి ఎగరేసింది. బంతి చాలాసేపు గాలిలోనే ఉన్నట్టనిపించింది. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, నేరుగా మోచేతి మీదకి వచ్చింది. సింధూర ఎడమ కాలు పక్కకి జరిగింది. ఒక్క అడుగు.

బంతి బల్లకి తగిలిన చోటు ఎవరికీ కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది.

తొమ్మిది–ఎనిమిది.

ఎవరో గట్టిగా అరిచారు. ఆ గొంతు తనదేనని వినీల్‌కి కాసేపటికి గాని తెలియలేదు. కుర్చీ వెనక్కి పడిపోయి ఉంది. ఆటస్థలం చుట్టూ అడ్డంగా పెట్టిన పలకని తన్నుకుని అతను లోపలికి వచ్చేశాడు. రెండు పిడికిళ్ళూ గాలిలో ఉన్నాయి. ఎదురుగా అంపైర్ హెచ్చరికగా పసుపు కార్డు పట్టుకుని నిలబడ్డాడు.

సింధూర వెనక్కి తిరిగింది. నవ్వలేదు.

"వెళ్ళి కూర్చో అన్నా. ఇంకా రెండు పాయింట్లున్నాయి."

వినీల్ పడిపోయిన కుర్చీని ఎత్తి, బల్ల వైపు మరో జానెడు జరిపి వేసుకుని కూర్చున్నాడు.