మెత్తటి గొట్టం

కాకినాడ జగన్నాథపురంలో సెలూన్ నడిపే నూకరాజుకి తన వేళ్ళ మీద ఉన్న నమ్మకం మరే మనిషి మాట మీదా ఉండేది కాదు. తువ్వాలు కొన్నా, వంకాయలు కొన్నా వేళ్ళతో నొక్కి చూసేవాడు. మెత్తగా తగిలితే చాలు, "మంచి సరుకు" అని తేల్చేసేవాడు.

సెలూన్‌లో అద్దం పక్కన అతని కూతురు హైమ చేపల తొట్టె పెట్టి, అందులో ఎర్ర మొక్కలు పెంచింది. వాటికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కావాలి. చిన్న సిలిండర్ నుంచి సన్నటి గొట్టం వేసి, ఆ గ్యాస్‌ని బుడగలుగా నీళ్ళలోకి వదిలేది. నర్సింగ్ చదువుకి విశాఖ వెళ్తూ, "మూడు నెలల్లో వస్తాను నాన్నా. రెండేళ్ళు పెంచాను, నా మొక్కలు జాగ్రత్త. గొట్టం పాతబడింది, మార్చు," అంది.

నూకరాజు పెంపుడు చేపల షాపుకి వెళ్ళాడు. షాపామె ఖాజాబీ ఒక బిరుసు గొట్టం తీసి ఇచ్చింది.

"ఏంటమ్మా ఇది, చీపురు పుల్లలా ఉంది! అదిగో, ఆ మెత్తటిది ఇయ్యి."

"అది గాలి మోటారుకి వేసేది అన్నా. ఈ గ్యాస్ పెడితే దాని ఒంట్లోంచే జారిపోద్ది."

"ముప్పై ఏళ్ళుగా ఊరి గడ్డాలు నిమురుతున్న వేళ్ళివి. వీటికి తెలీదా?"

మెత్తటిదే కొన్నాడు.

అది బిగించగానే బుడగలు సగానికి పడిపోయాయి. నూకరాజు సిలిండర్ మర కాస్త తిప్పాడు. మర్నాడు ఇంకాస్త తిప్పాడు. గ్యాస్ ఎక్కడ పోతోందోనని షేవింగ్ బ్రష్‌తో అతుకులన్నిటికీ నురగ పూశాడు. ఒక్క బుడగా లేవలేదు. "సిలిండరే దొంగది!" అని తిట్టుకున్నాడు. మూడు నెలలు రావాల్సిన గ్యాస్ మూడు వారాల్లో అయిపోయింది. మొక్కలు పాలిపోయాయి. వాటి మీద నల్లటి నాచు పట్టింది.

ఒకరోజు ఒకాయనకి గడ్డం గీస్తూ గీస్తూ ఆగి, తొట్టెలో చెయ్యి పెట్టి ఒక ఆకుని నిమిరాడు. ఎంతో మెత్తగా తగిలింది. అంత మెత్తగానూ ఊడి చేతిలోకొచ్చేసింది. నూకరాజు కత్తి పక్కన పడేసి ఖాజాబీ షాపుకి పరిగెత్తాడు.

"ఏమయ్యోయ్, నా రెండో బుగ్గ?" అని కుర్చీలో ఆయన అరిచాడు.

ఖాజాబీ ఒక్క మాటా దెప్పలేదు. బిరుసు గొట్టం ముక్క కోసి ఇచ్చింది. "సిలిండర్ నింపించు. ముందు మర కట్టేసి, తర్వాత మెల్లగా తిప్పు. సెకనుకి ఒక్క బుడగ చాలన్నా."

నూకరాజు ఆ గొట్టాన్ని నొక్కి చూడలేదు. "ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు.

హైమ వచ్చేసరికి తొట్టెలో ఒక్క కాడే మిగిలింది. దాని కొసన రెండు చిగుళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నూకరాజు తల దించుకున్నాడు.

"నా వేళ్ళు మోసం చేశాయమ్మా."

హైమ కళ్ళు తుడుచుకుంది. తండ్రి మొహం చూసి నవ్వేసింది. "పాపం, వేళ్ళేం చేశాయి నాన్నా? సెలవు పెట్టింది నీ చెవులు." ఆ కొస తుంచి అతని చేతిలో పెట్టింది. "ఇదిగో, నువ్వే నాటు. ఎంత లోతో నే చెప్తాను."

"చెప్పు, వింటున్నా," అన్నాడు నూకరాజు.

నీతి: ఒక పనిలో ఆరితేరిన చెయ్యి అన్ని పనుల్లోనూ ఆరితేరినట్టు కాదు, తెలియని చోట తెలిసినవాళ్ళ మాట వినాలి.